ఏడో తరగతిలో భిన్నాల పాఠం

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి గణితం చెప్పే నాకు ఏటా భిన్నాల దగ్గరే ఎక్కువ రోజులు పడుతుంది. 1/8 పెద్దదా, 1/4 పెద్దదా అని అడిగితే, నాలుగుకంటే ఎనిమిది పెద్దది కనుక 1/8 అనేవారే ఎక్కువ. తప్పని చెప్పి ఊరుకోవడం నాకిష్టం ఉండదు. నోటుపుస్తకంలోంచి ఒక కాగితం తీసి, సగానికి మడిచి, మళ్లీ మళ్లీ మడిచి, గడులు లెక్కపెట్టమంటాను. మొన్న వెనక బెంచీలోని అమ్మాయి మూడో మడత విప్పి చూసి, "టీచర్, ముక్కలు పెరిగేకొద్దీ ఒక్కో ముక్క చిన్నదైపోతోందండీ" అని తనంతట తానే చెప్పింది. 6 నుంచి 8 తరగతులకు 35 మంది పిల్లలకు కనీసం ఒక ఉపాధ్యాయుడుండాలని విద్యాహక్కు చట్టం పెట్టిన నిబంధన ఎంత అవసరమో ఇలాంటి పాఠాల్లోనే తెలుస్తుంది, ఎందుకంటే ప్రతి చేతిలోని కాగితాన్నీ నేను చూడగలగాలి. ఇక వచ్చే వారం భిన్నాల కూడిక మొదలుపెడతాను.