అడవికి పంపితే ఐదు ఉపయోగాలు రాసుకొచ్చింది

చిన్నది పడుకుంది. దాని సంచిలోంచి తీసిన కాగితం నా ముందుంది. "చెట్ల వలన కలిగే ఉపయోగములు ఐదు రాయుము." ఐదూ రాసింది. ప్రాణవాయువు, నీడ, పండ్లు, కలప, వర్షం. ఇవి మంచం మీద కూర్చునే రాయగలదు. పోయిన ఏడాది పరీక్షలో రాసింది కూడా. మరి తెల్లవారకముందే లేపి, పులిహోర కట్టి, వరంగల్ హంటర్ రోడ్డు జూకి పంపింది దేనికి?

బడివాళ్లు దీన్ని ప్రకృతి ఒడిలో పాఠం అన్నారు. దానికి రుసుము వేరు, ఆకుపచ్చ టీషర్టుకు వేరు. మధ్యాహ్నం నుంచి ఫోనుకు ఫోటోలే ఫోటోలు. ప్రతి దాంట్లోనూ పిల్లలు రెండు వరుసల్లో, మూతి మీద వేలు పెట్టుకుని నిలబడ్డారు. వానలు పడి ఊరంతా బురదగా ఉంటే ఒక్కరి బూటుకూ మట్టి అంటలేదు. "ఏం చూశావే?" అంటే మచ్చల జింక, నెమలి అని బోర్డులు చదివినట్టు అప్పగించింది. ఏం ముట్టుకున్నావంటే, "ఏమీ ముట్టుకోవద్దన్నారు కదమ్మా" అంది.

రాత్రి అన్నం తినేటప్పుడు అసలు సంగతి బయటపడింది. దారి పక్కన చీమల బారు కనిపిస్తే కూర్చుండిపోయిందట. వరుస తప్పిందని టీచర్ లేపి ముందుకు పంపిందట. "తెల్లగా ఏవో మోసుకుపోతున్నాయమ్మా, గుడ్లనుకుంటా. ఒక్కటి మాత్రం ఖాళీగా ఎదురొస్తోంది. అన్నిటినీ ఆపి ఏదో చెప్పి పోతోంది." ఈ ముక్క చెప్పేటప్పుడు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కాగితంలో దీనికి చోటేది? గీతలు ఐదే కదా.

అత్తమ్మ అంతా విని, "చెట్టు కింద చదువుకు డబ్బులు కూడానా? మా రోజుల్లో గది లేని బడిని అలా అనేవాళ్లం" అంది. ఆవిడ వెక్కిరింపుగానే అంది, కానీ నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది. ఇక పని సాగలేదు.

మాది నర్సంపేట దాటాక పాకాల చెరువు దారిలో ఉన్న ఊరు. బడికి రెండు గదులు, ఐదు తరగతులు. ఒక గదికి పెంకులు ఊడిపోయాయి. అందుకని సార్ మమ్మల్ని బయటికి తీసుకుపోయేవారు. ఎప్పుడూ ఒకటే చోటు, చెరువు వెనక చెలక దాటాక వచ్చే టేకు చెట్ల దగ్గరికి. తొలకరి పడ్డాక అక్కడ ఆరుద్ర పురుగులు కనిపించేవి, ఎర్రటి మఖమల్ చుక్కల్లా. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉండేవి. అది మళ్లీ లేచి నడిచేదాకా ఎంత లెక్కపెడతారో చూద్దాం అనేవారు సార్. మాకు వంద దాకా అంకెలు వచ్చింది అలాగే.

మా తరగతిలో తండా నుంచి వచ్చే పిల్లవాడు ఒకడుండేవాడు. లేత టేకాకు అరచేతిలో నలిపితే చెయ్యి ఎర్రబడుతుందని మాకు చూపించింది వాడే. ఆకులన్నీ రాలిపోయిన చెట్టును కూడా బెరడు తడిమి నల్లమద్ది అని చెప్పేసేవాడు. ఏప్రిల్ వచ్చిందంటే బడికి రాడు, అమ్మతో బీడీలు చుట్టే తునికాకు కోతకు పోవాలి. కట్టకు యాభై ఆకులు. ఒకరోజు ఎక్కం రాక వాడు నిలబడి ఉంటే సార్ పలక పక్కన పెట్టి, "ఏడు కట్టలకు ఎన్ని ఆకులురా?" అని అడిగారు. వాడు ఆలోచించను కూడా లేదు, మూడు వందల యాభై అన్నాడు. ఆ రోజు నుంచి బయటికి పోయేటప్పుడు వాడే ముందు, సార్ వెనక. ఒకసారి వాడి వెనకే పాకాల చెరువు కట్ట దాకా నడిచాం. రెండు గుట్టల మధ్య కట్ట వేస్తే వాన నీళ్లు ఎలా ఆగాయో, కాకతీయ రాజు గణపతిదేవుడు ఈ చోటే ఎందుకు ఎంచుకుని ఉంటాడో అక్కడ నిలబెట్టి మాతోనే చెప్పించారు సార్.

ఇంతవరకు రాసి, ఆ సార్‌ను ఆకాశానికెత్తి, మా పిల్ల టీచర్‌ను నాలుగు కడిగేద్దామనుకున్నాను. కానీ లెక్క కుదరడం లేదు. ఆ తండా పిల్లవాడు ఐదు తరువాత చదువు మానేశాడు. అడవి పాఠం వాడిని ఆరో తరగతి దాకా కూడా తీసుకుపోలేదు. ఇక ఈ టీచర్‌కు ఈరోజు అప్పగించింది నలభై మందిని. తోడు ఒక్క ఆయా. ఒక్కడు బారికేడు ఎక్కితే ఉద్యోగం పోతుంది, ఫోటోలు సరిగా లేకపోతే నాలాంటి తల్లులు ఊరుకోరు. మూతి మీద వేలు పెట్టించక ఏం చేస్తుంది?

మా ఆయనకు ఇలాంటివి దొరికితే చాలు, పక్కన కూర్చుని చదివి వినిపించడం మొదలుపెట్టారు. డెన్మార్క్‌లో 1950ల నుంచే చిన్నపిల్లల బడులు అడవిలో నడుస్తున్నాయట. 1993లో ఇంగ్లండులోని బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ వాళ్లు వెళ్లి చూసొచ్చి తమ దగ్గర మొదలుపెట్టారట. అక్కడ పిల్లలు చాకుతో పుల్లలు చెక్కుతారు, పొయ్యి రాజేస్తారు, పక్కనే పెద్దవాళ్లు ఉంటారు. ఒక్కరోజు విహారయాత్ర కాదు, అదే అడవికి వారం వారం, ఎండైనా వానైనా. "మీ సార్ చేసింది ఇదే కదా" అన్నారు. కాదు, మా సార్‌కు గది లేదు! అయినా ఆ 'అదే అడవికి' అన్న మాట దగ్గర ఆగిపోయాను. చీమల బారును వచ్చే వారం మళ్లీ చూడగలిగితే కదా అది ఎటు పోతోందో తెలిసేది.

దీనికి తోడు చిన్నదానికి కళ్లజోడు వచ్చింది కదా, డాక్టరు రోజూ రెండు గంటలు ఆరుబయట ఉంచమన్నాడు. తైవాన్ బడుల్లో 2010 నుంచి హ్రస్వదృష్టి పెరగకుండా అదే పని చేస్తున్నారని ఈయన దాన్నీ చదివారు. రెండు గంటలు ఎక్కడి నుంచి తేను? సాయంత్రం ట్యూషను, ఆపైన దోమలు.

బడి వెనక ప్రహరీని ఆనుకుని కొంచెం ఖాళీ జాగా ఉంది. ఒక కానుగ, రెండు వేపలు, కింద పిచ్చి మొక్కలు. చీమలకు తక్కువేమీ లేదు. పాము ఉంటుందని అత్తమ్మ అప్పుడే మొదలుపెట్టింది. ఉంటే ఉంటుంది, ముందు కలుపు తీయించమందాం. పిల్ల డైరీలో టీచర్‌కు రాశాను: శనివారాలు ఒక గంట పదిమంది చొప్పున పిల్లల్ని అక్కడికి పంపండి, చూసుకోవడానికి నేనూ, మరో ఇద్దరు తల్లులూ వస్తాం, కాగితాలు మాత్రం ఇవ్వకండి, అని.

ఆ ఇద్దరు తల్లులను రేపు అడగాలి.