ఉద్యోగం లేకుండా జర్మనీకి: కడప బ్యాంకులో నా పాట్లు

పోయిన వారం చెన్నై నుంచి పాస్‌పోర్టు తిరిగొచ్చింది, లోపల జర్మనీ వీసా అంటించి. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా. జర్మనీ వాళ్ళ మీద నాకేం ఫిర్యాదు లేదు. వాళ్ళు అడగాల్సింది అడిగారు, మేమిచ్చింది చూసుకున్నారు, వీసా ఇచ్చారు. నా కోపమంతా మా కడపలో, ఏళ్ళ తరబడి నా జీతం పడుతున్న బ్యాంకు బ్రాంచి మీద. అప్సర సర్కిల్ నుంచి నడిచిపోయే దూరంలోనే ఉంటుంది, అంతకంటే చెప్పను.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసేదాన్ని. మోటార్లు, డ్రైవులు, ప్యానెళ్ళు నా పని. మా ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. విదేశం పోవాలనుకున్నప్పుడు ఇద్దరం ఒక్క మాట మీద ఉన్నాం: పోతే పూర్తిగా పోవాలి. మా చిన్నమ్మ కువైట్‌లో చాలా ఏళ్ళు ఇళ్ళల్లో పని చేసి వచ్చింది. ఆమె ఎప్పుడూ అనే మాట, "ఆడ ఎన్నేండ్లున్నా అకామా ఉన్నంత వరకే మా, మన ఊరనేది కాదు." అకామా అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్. కాబట్టి స్థిరపడనిచ్చే దేశమే కావాలనుకున్నాం.

ముందు ఇక్కడి నుంచే జర్మనీ కంపెనీలకు అప్లై చేశా. బదులిచ్చిన కొద్దిమందీ ఒకటే అడిగారు, మీరిప్పుడు జర్మనీలో ఉన్నారా అని. లేను అనగానే మాట ఆగిపోయేది. అందుకే 2024 జూన్ 1 నుంచి జర్మనీ మొదలుపెట్టిన చాన్సెన్‌కార్టె దారి పట్టా. ఇంగ్లీషులో ఆపర్చునిటీ కార్డు అంటారు. చేతిలో ఉద్యోగం లేకపోయినా ఏడాది దాకా అక్కడ ఉండి వెతుక్కోవచ్చు. ఆ ఏడాదిలో వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు, ఏదైనా కంపెనీలో రెండు వారాలు ట్రయల్‌గా కూడా పని చేయొచ్చు. తగిన ఉద్యోగం దొరికితే ఈయూ బ్లూ కార్డుకు, అంటే డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతికి, మారొచ్చు. మాలాంటి ఇంజనీర్లకు 2025లో దానికి ఏడాది జీతం కనీసం 43,759.80 యూరోలు ఉండాల్సి వచ్చేది. బ్లూ కార్డు మీద పని చేస్తూ జర్మన్ భాషలో మధ్య స్థాయి బి1 పాసైతే 21 నెలలకు, మొదటి స్థాయి ఏ1తోనే సరిపెట్టుకుంటే 27 నెలలకు శాశ్వత నివాసానికి అడగొచ్చు. నా లెక్కంతా ఆ 21 నెలల మీదే ఉంది.

డిగ్రీ సంగతి ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. అనాబిన్ అని విదేశీ డిగ్రీల మీద జర్మనీ వాళ్ళ డేటాబేస్ ఒకటి ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. అందులో మన యూనివర్సిటీకి హెచ్ ప్లస్ (అంటే గుర్తింపు ఉందని) అని ఉండి, మన డిగ్రీ వాళ్ళ డిగ్రీకి సమానమని ఉంటే ఆ రెండు పేజీలు ప్రింటు తీసి పెట్టడమే. లేకపోతే జడ్ఏబీ అనే సంస్థకు 208 యూరోలు కట్టి సమానత్వ పత్రం తెప్పించుకోవాలి. అలా పూర్తి గుర్తింపు ఉన్నవాళ్ళకు పాయింట్ల గోల ఉండదు. మిగతావాళ్ళు కనీసం 6 పాయింట్లు తెచ్చుకోవాలి. వయసు 35 దాటకపోతే 2, గత 7 ఏళ్ళలో 5 ఏళ్ళ అనుభవానికి 3, ఇలా ఉంటాయి. దానికి తోడు జర్మన్ ఏ1 గానీ ఇంగ్లీషు బి2 (బి1 పై స్థాయి) గానీ ఉండి తీరాలి.

ఇంత సులువైన పనికి బెంగళూరులో ఒక కన్సల్టెన్సీ వాడు లక్షన్నర అడిగాడు. పైగా సర్టిఫికెట్లన్నిటికీ అపోస్టిల్ (మన పత్రాలు బయటి దేశాల్లో చెల్లడానికి వేసే ముద్ర) చేయించాలి, దానికి వేరే ఫీజు అన్నాడు. మన దేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది, మన అపోస్టిల్ ముద్ర అక్కడ చెల్లదు అని నేను చెబితే ఫోన్ పెట్టేశాడు. ఇలాంటి వాళ్ళకు డబ్బు పోసే బదులు ఆ లక్షన్నరతో జర్మన్ నేర్చుకోండి.

పేర్ల తంటా కూడా నాకు లేదు. పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోమని అత్తగారి వైపు వాళ్ళు ఎంత పోరినా వినలేదు. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా, డిగ్రీ నుంచి పాస్‌పోర్టు దాకా అక్షరం తేడా లేదు. ఈ విషయంలో నా మొండితనానికి నేనే శభాష్ అనుకున్నా.

ఇక మిగిలింది డబ్బు. ఉద్యోగం లేకుండా వచ్చేవాళ్ళు ఏడాదికి సరిపడా ఖర్చు చూపించాలి. 2025లో నెలకు 1,091 యూరోల లెక్కన మొత్తం 13,092 యూరోలు. జర్మనీలో ఉన్నవాళ్ళెవరైనా హామీపత్రం రాసిచ్చినా సరిపోతుంది. మాకు అక్కడ ఎవరున్నారు? అందుకని బ్లాక్డ్ అకౌంట్ తెరిచా. ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో తెరవొచ్చు. డబ్బంతా ముందే వేసేయాలి, అక్కడికి పోయాక నెలనెలా కొంచెం కొంచెం ఇస్తారు. డబ్బు పూర్తిగా చేరినట్టు వాళ్ళిచ్చే కాగితం ఉంటేనే వీసా ఫైలు కదులుతుంది. మన రూపాయల్లో పదమూడు లక్షలకు కాస్త తక్కువ. నా ఎఫ్‌డీలు, బద్వేలు రోడ్డులో ప్లాటు అమ్మిన డబ్బు, అన్నీ అదే బ్రాంచిలో, నా పేరు మీదే ఉన్నాయి.

మా ఊరి బ్యాంకుల సంగతి కడప వాళ్ళకు చెప్పనక్కర్లేదు. బయటి వాళ్ళ కోసం చెబుతున్నా. రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ పోయినవాళ్ళు పంపే డబ్బుతో బతికిన బ్రాంచీలివి. ఈ బ్రాంచిలో కూడా ఎన్నారై ఖాతాలకు ప్రత్యేకంగా ఒక కౌంటర్. గోడ మీద దినారు రేటు. కువైట్ నుంచి డబ్బు రావడం వాళ్ళకు కొట్టిన పిండి. కడప నుంచి బయటికి పోవడం మాత్రం అక్కడ ఎవరూ చూసినట్టు లేరు.

కౌంటర్లో కుర్రాడు, విదేశానికి డబ్బు పంపేటప్పుడు నింపే ఏ2 ఫారం చేతికిచ్చి, "ఏ యూనివర్సిటీ మేడమ్?" అన్నాడు.

"చదువుకు కాదు సార్. ఉద్యోగం వెతుక్కోవడానికి."

"అయితే ఆఫర్ లెటర్ జత చేయండి."

"ఆఫర్ లెటరే ఉంటే ఈ వీసా నాకెందుకు సార్?"

ఫారం తిప్పి చూశాడు. డబ్బు పంపే వాళ్ళ పేరు నాదే, తీసుకునే వాళ్ళ పేరూ నాదే.

"ఎవరికి పంపుతున్నారు?"

"నాకే."

"మీరిక్కడే ఉన్నారు కదా!"

అతని తప్పు లేదు, కొత్తగా చేరినట్టున్నాడు. లేచిపోయి లోపలి ఆఫీసర్ని పిలుచుకొచ్చాడు. ఆయన ఫారం చదవనైనా చదవకుండా, "మీ ఆయన జర్మనీలో ఉన్నారామ్మా?" అన్నాడు. లేరు, ఇక్కడే కాలేజీలో పని చేస్తారు అన్నా. "మరి మీరొక్కరే ఎట్ల పోతారు? ఆజాద్ వీసా లాంటిదా?" అన్నాడు గట్టిగా, క్యూలో అందరికీ వినపడేలా. గల్ఫ్ సంగతి తెలిసినవాళ్ళకు ఆ మాట ఎంత చేదో తెలుసు. పేరుకే ఒక యజమాని ఉండి, పని మాత్రం అక్కడికి పోయాక మనమే వెతుక్కోవాల్సిన వీసా అది, ఏజెంట్లు డబ్బు గుంజి అమ్మేది. నా ముందున్న వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు.

కొడుకు పంపిన డబ్బు కోసం బెంచీ మీద కూర్చున్న ఒక అవ్వ అడిగింది, "యాడికి మా పోయేది?"

"జర్మనీకవ్వా."

"యా షేకు కాడ?"

"ఆడ షేకులుండరవ్వా. పోయి పని వెతుక్కోవాల."

"పని ల్యాకుండా పోతావా? మా వాడు పని ఉండే ఏడుస్తాండాడు."

ఆమె మాటకు నాకు నవ్వొచ్చింది. ఆఫీసర్ మాటకు మాత్రం ఒళ్ళు మండింది. రిజర్వ్ బ్యాంకు ఎల్ఆర్ఎస్ పద్ధతి ప్రకారం ఒక మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. ఏయే అవసరాలకు పంపొచ్చో చెప్పే జాబితాలో బయటి దేశానికి వలస పోవడం ఉంది, అక్కడ సొంత ఖాతా తెరవడమూ ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి, ఆ వాక్యాల కింద ఎర్ర గీత కొట్టి పెట్టుకుని పోయా. "ఇవన్నీ మాకు తెలుసమ్మా" అని పక్కన పెట్టాడు. తెలిసుంటే చదివేవాడు.

ఆ తర్వాత మేనేజర్ గదిలో జరిగింది చెబితే ఇప్పటికీ మా ఇంట్లో గొంతులు పెరుగుతాయి. మా ఆయన నాతో వచ్చాడు, ఊరికే తోడుగా. మేనేజర్ నాకు కుర్చీ చూపించి ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "సార్, ఇదంతా మీకు తెలిసే జరుగుతోందా?" ఖాతా నాది. జీతం నాది. సంతకం నాది. మా ఆయన మెత్తని మనిషి, "ఆమెనే అడగండి సార్, అకౌంటు ఆమెది" అన్నాడు. మేనేజర్ నా వైపు చూడకుండానే నా పాన్ కార్డు, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టుకుని, "ఇంటిపేరు మీది కాదే సార్" అన్నాడు. ఆఖరికి తేల్చిందేమంటే, పెద్ద మొత్తం కాబట్టి భర్త నుంచి అభ్యంతరం లేదని ఒక లెటర్ ఇస్తే ప్రాసెస్ చేస్తారట.

అలాంటి లెటర్ కావాలని ఏ రూల్లో ఉందో రాసివ్వండి, ఇప్పుడే పోతా అన్నా. రాసివ్వలేదు. ఒక్క లైను రాసిచ్చేస్తే పనైపోతుంది కదా అన్నాడు మా ఆయన బయటికొచ్చాక. నేను ఇవ్వనివ్వలేదు. నాలుగు నిమిషాల పని అయినా సరే, ఆ కాగితం నా ఫైల్లో ఉండటానికి వీల్లేదు.

ఒక్క మాట అడుగుతా. మా చిన్నమ్మ లాంటి ఆడవాళ్ళు కువైట్‌లో అంట్లు తోమి పంపిన దినార్లు ఈ బ్యాంకులే ఇన్నేళ్ళూ కళ్ళకద్దుకుని జమ చేసుకున్నాయి. అప్పుడు ఏ మేనేజరూ ఆమె మొగుడిని పిలిచి "ఇదంతా మీకు తెలిసే జరుగుతోందా" అని అడగలేదు. డబ్బు వచ్చేటప్పుడు ఆడమనిషి సంపాదన, పోయేటప్పుడు మగవాడి సొత్తా?

రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని కాపీ మీద సీలు వేయించుకున్నా. సీలు వేయడానికే గంట నిలబెట్టారు. కానీ ఆ సీలు పడ్డాక లెటర్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మీకూ ఇలాంటిది ఎదురైతే నోటితో వాదించకండి. కాగితం మీద పెట్టి, తీసుకున్నట్టు సంతకం పెట్టమనండి. అరిచేవాళ్ళకు బ్యాంకులో అందరూ అలవాటు పడిపోయారు, సీలు అడిగేవాళ్ళకు ఇంకా పడలేదు.

అక్కడితో అయిపోలేదు. టీసీఎస్, అంటే బ్యాంకు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, కింద మొత్తం డబ్బు మీద 20 శాతం లెక్కగట్టి రెండు లక్షల అరవై వేలు దాకా కోస్తామన్నారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ పన్ను లేకుండా పంపే పరిమితి 10 లక్షలు. ఒక ఆర్థిక సంవత్సరంలో అంత దాకా ఏమీ ఉండదు, పైన ఉన్న దాని మీదే 20 శాతం. అంటే నాకు పడేది దాదాపు అరవై వేలు. అది చూపించి దిద్దించా. చేతిలో సమయం ఉన్నవాళ్ళు కొంత మార్చిలో, కొంత ఏప్రిల్‌లో పంపుకుంటే అసలు పడదు.

మరొకటి, ఇది ఎవరూ చెప్పరు. డబ్బు దారిలో మధ్య బ్యాంకుల చార్జీలు ఎవరు భరిస్తారని ఫారంలో ఒక గడి ఉంటుంది. "అవర్" అని టిక్ పెడితే ఆ చార్జీలు మనం ఇక్కడే కడతాం, అక్కడ నిండా చేరుతుంది. నేను అవర్ పెడితే, లోపల కంప్యూటర్లో ఎక్కించినాయన "షా" అని ఎక్కించాడు. అంటే ఇక్కడి బ్యాంకు చార్జీలే మనం కడతాం, మిగతావి పంపిన డబ్బులోంచే కోసుకుంటారు. జర్మనీలో ఖాతాకు కొన్ని యూరోలు తక్కువ చేరాయి. కొన్ని యూరోలే, కానీ నిండకపోతే వాళ్ళు కాగితం ఇవ్వరు. ఆ చిల్లర పంపడానికి మళ్ళీ ఏ2 ఫారం, మళ్ళీ చార్జీలు, మళ్ళీ "ఎవరికి పంపుతున్నారు?" ఈసారి ఆ కుర్రాడే ముందుగా, "మేడమ్ తనకే పంపుకుంటుంది సార్" అని లోపలికి కేకేశాడు.

కాగితం చేరిన రోజే దరఖాస్తు పూర్తి చేశా. చెన్నైలో వేలిముద్రలు, 75 యూరోల ఫీజు, ఇన్సూరెన్స్, మర్యాదగా నాలుగు ప్రశ్నలు. ఏం పని వెతుకుతారు, ఏ ఊళ్ళలో, ఇప్పటికి ఎవరికి అప్లై చేశారు. మీ ఆయనకు తెలుసా అని అడగలేదు.

ఇప్పుడు టికెట్ చూస్తున్నా. దానికంటే ముందు ఒక పని మిగిలుంది. కోసిన టీసీఎస్‌కు బ్యాంకు ఫారం 27డీ అనే సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ డబ్బు నా 26ఏఎస్‌లో (నా పేరు మీద కట్టిన పన్నుల పట్టీ) కనిపించాలి, అప్పుడే ఐటీ రిటర్నులో వెనక్కి వస్తుంది. సిస్టమ్‌లో ఉంది మేడమ్, వచ్చే వారం రండి అంటున్నారు. సోమవారం పోతున్నా, ఇంకో ఫిర్యాదు రాసి పెట్టుకునే.