మెక్సికో సిటీ మెట్రో: బాతు బొమ్మ తర్వాత యాపిల్ పెట్టె

మెక్సికో సిటీ ఎయిర్‌పోర్టులో టాక్సీ కౌంటర్ వాళ్లు చెప్పిన రేటు వినగానే ఒళ్లు మండింది. టెర్మినల్ 1 నుంచి నాలుగడుగులు వేస్తే మెట్రో స్టేషన్. ఒక కార్డు కొనుక్కోవాలి, ఆ తర్వాత ఎంత దూరం వెళ్లినా, ఎన్ని లైన్లు మారినా 5 పెసోలే. మన డబ్బుల్లో ముప్పై రూపాయల లోపు. 2013 చివర్లో పెంచిన రేటు, ఇంకా అదే నడుస్తోంది. "మెట్రో మాత్రం ఎక్కొద్దు, దోచేస్తారు" అని బయల్దేరే ముందు ప్రతివాళ్లూ చెప్పారు. బ్యాగు వీపు మీంచి తీసి ముందుకి తగిలించుకుని ఎక్కేశాను.

పంతిత్లాన్‌లో లైన్ మారాలి. నాలుగు లైన్లు కలిసే చోటు, జనం ఎటు చూసినా పరుగే. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున్న ఊరు కదా, బరువుతో మెట్లు ఎక్కుతుంటే ఊపిరి అందడం లేదు. నాకు స్పానిష్ రాదు. స్టేషన్ పేర్లేమో ఒకసారి చూస్తే గుర్తుండేవి కావు. అయినా దారి తప్పే అవకాశమే లేదని నిమిషాల్లో అర్థమైంది, ఎందుకంటే ప్రతి స్టేషన్‌కీ ఒక బొమ్మ ఉంది. ఎయిర్‌పోర్టుకి విమానం, పంతిత్లాన్‌కి రెండు జెండాలు, మొక్తెసుమాకి ఈకల కిరీటం. ఈ మెట్రో 1969లో మొదలైనప్పుడు నగరంలో చదువు రానివాళ్లు చాలామంది ఉండేవాళ్లు, వాళ్లు కూడా ఎవర్నీ అడక్కుండా తిరగగలగాలని లాన్స్ వైమన్ అనే డిజైనర్‌తో బొమ్మల పద్ధతి పెట్టించారు. అంతకు ముందు ఏడాది మెక్సికో ఒలింపిక్స్‌కి లోగో చేసింది కూడా ఆయనే. తర్వాత కట్టిన స్టేషన్లకీ అదే పద్ధతి కొనసాగించారు.

మా అమ్మమ్మకి చదువు రాదు. గుంటూరు బస్టాండులో వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ వెళ్లి "బాబూ, ఇది తెనాలి పోద్దా" అని అడిగేది. కొందరు చెప్పేవాళ్లు, కొందరు బోర్డు చూసుకోమని కసిరేవాళ్లు. అప్పుడు ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. చదువు రాని మనిషి కూడా ఆ ఊరి మనిషేనని ఒక ప్రభుత్వం అనుకుని, బొమ్మలు గీయించి, ఇన్నేళ్లూ వాటిని వదలకుండా ఉంచిందంటే నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

రద్దీ వేళ కాబట్టి ముందు బోగీలు ఆడవాళ్లకీ పిల్లలకీ వదిలేశారు. పక్క సీట్లో ఖాళీ సంచులతో ఒక పెద్దావిడ. నేను తలుపు పైనున్న మ్యాప్‌లో నేను దిగాల్సిన పినో సువారెస్ మీద వేలు పెట్టి చూపిస్తే, ఆవిడ లేచొచ్చి వరసగా ఒక్కో బొమ్మా చూపించడం మొదలుపెట్టింది. రైలింజను, బాతు, యాపిల్ పెట్టె. యాపిల్ పెట్టె దగ్గర తన గుండె మీద చెయ్యి వేసుకుంది, అంటే తను దిగేది అక్కడ, మెర్సెద్ మార్కెట్‌కి. తర్వాతి బొమ్మ చూపించి నా భుజం తట్టింది. ఈలోగా చాక్లెట్లు అమ్మేవాడు, ఇయర్‌ఫోన్లు అమ్మేవాడు "దియెస్ పెసోస్, దియెస్ పెసోస్" (పది పెసోలు) అని అరుస్తూ మా మధ్యలోంచే వెళ్తున్నారు. మెర్సెద్‌లో దిగాక కూడా ఆవిడ ప్లాట్‌ఫాం మీంచి ఒక వేలు ఎత్తి చూపించింది, ఇంకొక్కటే అని.

పినో సువారెస్‌లో ఇంకో లైన్‌కి మారే దారిలో, నడుస్తున్న జనం మధ్యలో, ఒక గుండ్రటి రాతి గుడి కనిపించింది. మెట్రో తవ్వుతుంటే బయటపడిందట, స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడ ఏలిన అస్తెకుల గాలి దేవుడు ఎహెకత్ల్‌ది. తీసుకెళ్లి మ్యూజియంలో పెట్టకుండా అక్కడే ఉంచి చుట్టూ స్టేషన్ కట్టారు. ఆ స్టేషన్ బొమ్మ కూడా ఆ గుడే. ఎవరూ ఆగి చూడటం లేదు, నేను మాత్రం చాలాసేపు నిలబడిపోయాను.

సొకలో చౌకు, పిరమిడ్లు, మ్యూజియాలు అందరూ రాసేవే, అవి వదిలేస్తున్నాను. ఒక్కటి చెప్పాలి. చెరువు పూడ్చి కట్టిన ఊరు కాబట్టి నేల కుంగుతూనే ఉంది. 1910లో కట్టిన స్వాతంత్ర్య స్తంభం చుట్టూ నేల దిగిపోతే తర్వాత 14 మెట్లు చేర్చాల్సి వచ్చింది. కేథడ్రల్‌లో నిలబడితే నేల ఒక పక్కకి వాలినట్టు కాలికి తెలుస్తుంది.

నాకు నచ్చనిది రోమా, కొందేసా అనే పేటల వైపు. మెనూలు ఇంగ్లీషులో, కాఫీ రేట్లు అమెరికా లెక్కలో. అక్కడ ఒక కాఫీకి పెట్టిన డబ్బుతో సెంత్రోలో, అంటే పాత ఊరి నడిబొడ్డున, సూపు, అన్నం, కూర, తోర్తియాలు (మొక్కజొన్న రొట్టెలు), పళ్లరసంతో పూర్తి మధ్యాహ్న భోజనం వస్తుంది. డాలర్లలో సంపాదించేవాళ్లు వచ్చి చేరాక అద్దెలు పెరిగి ఉన్నవాళ్లు ఖాళీ చేసి పోవాల్సి వస్తోందని 2025 జూలైలో అక్కడ పెద్ద ఊరేగింపే జరిగింది. వాళ్ల కోపం న్యాయమైనదే అని నా అభిప్రాయం. వెళ్లేవాళ్లు సెంత్రోలో చిన్న హోటల్ చూసుకోండి. రాత్రి కాస్త గోలగా ఉంటుంది, కానీ మెట్రో మెట్ల దగ్గరే ఉంటారు.