అత్తగారు ఊరెళ్ళాక బుడ్డోడికి లాల

మూడో నెల వెళ్ళగానే అత్తగారు తెనాలి వెళ్ళిపోయారు. మా ఆవిడకి మణికట్టు నొప్పి. దాంతో లాలపోసే డ్యూటీ నాకు పడింది.

అత్తగారైతే పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద వాణ్ణి పడుకోబెట్టి, నుదుటికి అరచెయ్యి అడ్డంపెట్టి నీళ్ళు పోసేవారు. కంట్లో చుక్క పడేది కాదు. నాకేమో నూనె ఒళ్ళు ఎక్కడ జారిపోతుందోనని టెన్షన్. చిన్న టబ్బు కొని, అందులో మూడు వేళ్ళ లోతు నీళ్ళే పట్టేవాణ్ణి. ఒక చెయ్యి ఎప్పుడూ వాడి మెడ కిందే.

మొదటి రోజే తప్పు చేశాను. వేణ్ణీళ్ళు ముందు పోసి, తర్వాత చన్నీళ్ళు కలిపాను. అరచేతికి బాగానే అనిపించింది. మోచెయ్యి ముంచితే చురుక్కుమంది! పిల్లల డాక్టరు చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది: చన్నీళ్ళు ముందు, వేడివి తర్వాత, బాగా కలిపి చూడాలి. 37 డిగ్రీలు చాలట, అంటే ఒంటి వేడంతే. మన చేతికి అది ఏమంత వేడిగా అనిపించదు.

"ముక్కులో నూనె చుక్క వేస్తున్నారా బాబూ?" అని అత్తగారు ఫోన్లో అడిగేవారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు వద్దన్నారు. ఆవిడతో వాదించలేక "ఆ, ఆ" అనేవాణ్ణి.

ఓసారి లాల మధ్యలో బెల్ మోగింది. వాణ్ణి టవల్లో చుట్టి చంకనేసుకుని, సబ్బు నురగతోనే వెళ్ళి గ్యాస్ సిలిండర్ దింపించుకున్నాను.

అసలు భయం పదో నెలలో పట్టుకుంది. టబ్బు ఖాళీ చేశాను గానీ పక్కన బకెట్లో జానెడు నీళ్ళు ఉండిపోయాయి. బట్టలు వేసి వాణ్ణి హాల్లో వదిలి, టవలు ఆరేసి వచ్చేసరికి, బకెట్ అంచు పట్టుకుని నిలబడి లోపలికి వంగి నీళ్ళు కొడుతున్నాడు. మడమలు నేలకి ఆనడం లేదు. ఆ వయసులో తల బరువెక్కువ, తలకిందులైతే మళ్ళీ లేవలేరు. అరుపు కూడా వినబడదు. అమాంతం లాగేశాను. వాడు ఆట చెడిపోయిందని ఏడ్చాడు.

ఆ సాయంత్రమే బాత్రూమ్ తలుపుకి బయట, పైన గడియ పెట్టించాను. బకెట్లన్నీ బోర్లించే ఉంటున్నాయి. మాకు నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. పట్టినవి పారబోస్తుంటే పనావిడ గొణుగుతుంది, "మళ్ళీ ఎల్లుండి దాకా రావు సార్" అని. పారబోస్తూనే ఉన్నాను.