సిమ్లా నీళ్ల లెక్క: ముందు లీకులు, ఆ తర్వాతే సట్లెజ్

2018 మే నెలాఖరులో సిమ్లాకు రోజుకు సుమారు నాలుగున్నర కోట్ల లీటర్లు కావాల్సి ఉంటే, అందులో సగం కూడా అందలేదు. హైకోర్టు వారం పాటు కట్టడాలు ఆపించింది, కార్లు కడగొద్దంది. వేసవి ఉత్సవం వాయిదా పడింది. ఆ చలికాలం మంచు సరిగా పడలేదు కాబట్టి ఖడ్‌లు (అక్కడి వాగులు) తగ్గిపోయాయన్నారు. నిజమే. కానీ అంతకు రెండేళ్ల ముందే ఊరు ఒక వనరును చేజేతులా పోగొట్టుకుంది. మల్యాణా మురుగు శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన మురుగు అశ్వనీ ఖడ్‌లో కలిసి, 2015-16 చలికాలంలో హెపటైటిస్-ఇ కామెర్లు ప్రబలాయి. దాంతో ఆ నీళ్లు ఆపేయాల్సి వచ్చింది. మిగిలిన పెద్ద దిక్కు గుమ్మా, గిరి పథకాలు. వానాకాలంలో వాగుల్లో బురద పెరిగితే అక్కడా పంపింగ్ ఆగిపోతుంది.

ఇప్పుడు ఆశలన్నీ సట్లెజ్ నది మీద. ప్రపంచ బ్యాంకు రుణంతో శక్రోడీ నుంచి 22 కిలోమీటర్ల పైపు వేసి, నీటిని 1.6 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కించే పథకం అది. 2050 అవసరాలకు తగ్గట్టు రోజుకు 6.7 కోట్ల లీటర్లు తేవాలన్నది లక్ష్యం. బాగానే ఉంది, కానీ ఆ ఎత్తు ఖరీదు చూడండి. వెయ్యి లీటర్లను 1,600 మీటర్లు ఎత్తాలంటే కాగితం మీదే 4.36 యూనిట్ల కరెంటు కావాలి. పంపు, మోటారు కలిపి సామర్థ్యం 70 శాతం అనుకుంటే 6.2 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా కరెంటుకే 37 రూపాయలు. అంత ఖర్చుతో పైకి ఎక్కించిన నీళ్లను పాత పైపుల కన్నాల్లోంచి మళ్లీ లోయలోకి వదిలేస్తే ఎలా? అందుకే కొండ ఊళ్లో కొత్త వనరు కంటే ముందు లీకుల లెక్క తేలాలి.

ఆ లెక్కకు ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ముందుగా సర్వీస్ ట్యాంకు (వీధులకు నీళ్లు వదిలే ట్యాంకు) ఇన్‌లెట్, అవుట్‌లెట్ రెండూ మూసి గంట ఆగండి. మట్టం దిగితే ట్యాంకే కారుతున్నట్టు, లేదా వాల్వు పూర్తిగా పడనట్టు. అది తేలాక, రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య ఇన్‌లెట్ మూసే ఉంచి, అవుట్‌లెట్ మాత్రం తెరవండి. 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున్న ట్యాంకులో గంటకు 5 సెంటీమీటర్లు దిగితే 4,000 లీటర్లు పోయినట్టు. ఆ వేళ వాడకం దాదాపు ఉండదు కాబట్టి అందులో ఎక్కువ భాగం లీకే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రెండు మూడు రోజులకోసారి నీళ్లు వదిలే చోట ఇళ్ల ట్యాంకులు అర్ధరాత్రి కూడా నిండుతూనే ఉంటాయి. అందుకని అవి నిండి, ఫ్లోట్ వాల్వులు మూసుకునేదాకా సరఫరా ఇచ్చి, ఆ తర్వాతే కొలవాలి. లేకపోతే జనం పట్టుకున్న నీళ్లు కూడా లీకు ఖాతాలో పడతాయి.

లీకులకు అసలు కారణం ప్రెజర్. ఎత్తులో 10 మీటర్ల తేడాకు సుమారు ఒక కేజీ (చదరపు సెంటీమీటరుకు) ప్రెజర్ వస్తుంది. ట్యాంకు నుంచి 120 మీటర్లు కిందున్న వీధిలో 12 కేజీలన్నమాట. ఆరు కేజీల ప్రెజర్‌కే తట్టుకునే పైపు అక్కడ ఎన్నాళ్లు నిలుస్తుంది? దారిలో దాదాపు ప్రతి 50 మీటర్ల దిగువకు ఒక బ్రేక్ ప్రెజర్ ట్యాంకు (నీళ్లు అందులో పడి ప్రెజర్ పోగొట్టుకునే చిన్న ట్యాంకు) గానీ, ప్రెజర్ తగ్గించే వాల్వు గానీ ఉండాలి. వాల్వు పెడితే దాని ముందు స్ట్రెయినర్ (చెత్త ఆపే జల్లెడ) తప్పనిసరి. బురద నీళ్ల కాలంలో వారానికోసారి విప్పి కడగకపోతే వాల్వును నడిపించే సన్నటి పైలట్ గొట్టం పూడుకుపోయి, వాల్వు తెరుచుకునే ఉండిపోతుంది. ప్రెజర్ మొత్తం కిందికి దిగుతుంది, ఆ రాత్రే ఎక్కడో జాయింటు ఊడుతుంది. లైను మిట్ట ఎక్కిన ప్రతిచోటా ఎయిర్ వాల్వు కూడా ఉండాలి. లేదంటే నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో గాలికే మీటరు గిర్రున తిరుగుతుంది, బిల్లు మీద గొడవ మొదలవుతుంది.

కొండ ఊళ్లలో ఇళ్ల కనెక్షన్ పైపులు కట్టలు కట్టలుగా మెట్ల పక్కన, ఒక్కోసారి మురుగు కాలువలోంచే వెళ్తుంటాయి. సరఫరా ఆగగానే లైను ఖాళీ అవుతూ కన్నంలోంచి బయటి మురికిని లోపలికి పీలుస్తుంది. కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉందా లేదా అని చూడాల్సింది నీళ్లు వదిలిన తొలి పది నిమిషాల్లోనే. గంట తర్వాత చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. జనవరిలో ఇవే పైపులు గడ్డకట్టి ఎల్బోల (మలుపు ముక్కల) దగ్గర పగులుతాయి. పాతిపెట్టడం కుదరకపోతే కనీసం ఫోమ్ తొడుగైనా వేయాలి.

ఇక వాన నీళ్లు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 1,500 మిల్లీమీటర్ల వాన పడితే, 80 శాతం పట్టుకున్నా లక్షా ఇరవై వేల లీటర్లు. చెప్పుకోవడానికి ఘనమే. అయితే ఆ వానలో ఎక్కువ భాగం కురిసేది జులై నుంచి సెప్టెంబరులోగా, కొరత వచ్చేది మే, జూన్‌లలో. 5,000 లీటర్ల ట్యాంకు అంత కాలం ఆదుకోదు. ఫ్లష్‌కు, గిన్నెలకు ఆ నీళ్లు వాడి సరఫరా భారం తగ్గించుకోవచ్చు, అంతే. ప్రతి వానలో మొదటి 2 మిల్లీమీటర్లు, అంటే ఇంత కప్పుకు 200 లీటర్లు, వదిలేయాలి.

హైదరాబాద్‌లో లాగా ఇంకుడు గుంత తవ్వుదామనే ఆలోచన మాత్రం ఇక్కడ వద్దు. నిటారు వాలులో ఇంకిన నీరు మట్టిని బరువెక్కించి, పట్టు వదిలేలా చేస్తుంది. 2023 ఆగస్టులో సమ్మర్ హిల్ దగ్గర కొండచరియ గుడి మీద పడిన ఊరు ఇది. నీళ్లు ఇంకించాలంటే ఇళ్లకు దూరంగా, చెట్లున్న తక్కువ వాలులో, భూగర్భ నిపుణుడు చూసి సరేనన్న చోటే. ఇంటి ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపును కూడా వాలు మీదికి వదలకుండా, సిమెంటు చేసిన వాన నీటి కాలువ దాకా తీసుకెళ్లి కలపాలి.