తానా సరస్సు వాన లెక్కలు: నా అనుభవం

పేపరు మొత్తానికి నిన్న పంపేశాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. ఇథియోపియాలో పాఠాలు చెప్పుకుంటూ, పన్లో పనిగా రీసెర్చి చేద్దామనుకునే మనవాళ్లకు పనికొస్తుంది.

నేను ఎత్తుకున్నది తానా పరీవాహక ప్రాంతంలో వాన, ఉష్ణోగ్రతల హెచ్చుతగ్గులు. నీలి నైలు బయల్దేరేది ఈ సరస్సు నుంచే. గిల్గెల్ అబాయ్, గుమారా, రిబ్, మెగెచ్ నదులు దీన్ని నింపుతాయి. ఏడాది వానలో సింహభాగం జూన్-సెప్టెంబరు మధ్య, కిరెమ్ట్ కాలంలోనే పడుతుంది.

యూనివర్సిటీ లెటరు తేలిగ్గానే వచ్చింది. అసలు కథ డేటా ఇచ్చే ఆఫీసులో. గుండ్రటి సీలు సంతకం మీద సరిగ్గా పడలేదని ముందు వెనక్కి పంపారు. మళ్లీ వెళ్తే కౌంటర్లో కుర్రాడు, నా వయసులో సగం ఉంటాడు, "నైలు లెక్కలు ఇండియా వాళ్లకెందుకు?" అని అందరూ వినేలా అడిగాడు. పక్కనే నా స్టూడెంటు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీలి నైలు మీద ఇథియోపియా కట్టిన పెద్ద డ్యామ్ గురించి ఈజిప్టుతో పేచీ ఉందని నాకూ తెలుసు. అయినా నేనడిగింది వాన లెక్కలు, సైన్యం లెక్కలు కాదు.

చివరికి ఫైలు చేతికొచ్చింది. తెరిస్తే 1991 జులై మొత్తం సున్నాలు! సరస్సు ఒడ్డునున్న బహిర్ దార్ ఊళ్లో జులైలో 400 మి.మీ. అటూ ఇటూగా కురుస్తుంది. ఆ ఏడాది మేలోనే దెర్గ్ అనే సైనిక ప్రభుత్వం కూలింది. వాన కొలిచే గేజి చూసే మనిషి లేక ఖాళీగా ఉన్న గడుల్ని ఎవరో పుణ్యాత్ముడు సున్నాలతో నింపేసి ఉంటాడు. అడిగితే "ఫైల్లో ఉన్నదే డేటా" అన్నారు.

పాత సంవత్సరాల్లో ఇలాంటి సున్నాలు ఉంచేసి మాన్-కెండాల్ టెస్టు (ఏళ్ల తరబడి లెక్కల్లో పెరుగుదలో తగ్గుదలో ఉందా అని చూసేది) నడిపితే, వానలు ఏటేటా పెరుగుతున్నట్టు తేలుతుంది. పేపర్లో నాతోపాటు పేరున్న కొలీగు "రిజల్టు బాగుంది, వేసేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇలాంటివాళ్లకే ప్రమోషన్లు ముందొస్తాయి, అది వేరే సంగతి.

చుట్టుపక్కల స్టేషన్లతో, చిర్ప్స్ అనే శాటిలైట్ వాన లెక్కలతో నెలవారీగా పోల్చాను. రోజువారీ పోల్చకండి. గేజి చూసేది ఉదయం 9కి (పొద్దున ఆరు నుంచి గంటలు లెక్కపెట్టే అక్కడి గడియారంలో 3), అంటే అందులో ఉన్నది చాలావరకు నిన్నటి వాన. చిర్ప్స్‌లోనూ స్టేషన్ల లెక్కలు కలిసే ఉంటాయి కాబట్టి దాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. సున్నాలు ఏరేశాక రాత్రి ఉష్ణోగ్రతల పెరుగుదల మాత్రం స్పష్టంగా నిలబడింది. వాన మొత్తంలో ఏటా ఎగుడుదిగుళ్లే తప్ప, పెరిగిందనో తగ్గిందనో చెప్పడానికి లేదు.

ఫైలు తీసుకునేటప్పుడే రీడింగు లేని రోజుకి ఏం గుర్తు వేశారో కాగితం మీద రాయించుకోండి. సీలు కూడా వేయించండి, అదంటే వాళ్లకు మహా ఇష్టం.