ఎక్, ఏక్, మధ్యలో ఒక బర్రె

మా తండాలో అమ్మను యాడి అంటాం, రొట్టెను బాటి అంటాం. ఇలాంటి మాటలు కర్ణాటక, మహారాష్ట్ర బంజారాల నోట ఎలా పలుకుతాయో పక్కపక్కన పెట్టి చూద్దామని చిన్న నిఘంటువు మొదలుపెట్టాను. దేవరకొండ వైపు నేను తిరిగాను. విజయపురలో ఒక మిత్రుడు, యవత్మాల్‌లో దూరపు వరసకు బావ చెరో భాగం తీసుకున్నారు. మా లంబాడీ భాషకు, అంటే గోర్ బోలికి, సొంత లిపి లేదు. నేను తెలుగులో, మిత్రుడు కన్నడలో, బావ దేవనాగరిలో రాశాం. (2011 జనగణనలో లంబాడీని మాతృభాషగా చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. అయినా మమ్మల్ని హిందీ పద్దులో కలిపేశారు. ఆ కోపం ఇంకా పోలేదు.)

మూడింటినీ తెలుగు లిపిలోకి తేవడం సులువే అనుకున్నాను. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ఈ లిపుల అక్షరాలు ఒకే వరుసలో ఉంటాయి. దేవనాగరి అక్షరం సంఖ్యకు 768 కలిపినా, కన్నడ అక్షరం నుంచి 128 తీసేసినా తెలుగు అక్షరం వస్తుంది. ఎక్సెల్‌లో ఫార్ములా వేసి ఒక్క రాత్రిలో పని కానిచ్చాను. పొద్దున చూస్తే ఒకటి అనే అంకెకు నా కాగితంలో ‘ఎక్’, బావ కాగితంలో ‘ఏక్’. మాండలిక భేదం దొరికిందని సంబరపడ్డాను. తీరా రికార్డింగులు వింటే రెండూ ఒకటే పలుకు! మరాఠీ రాతలో ఎ, ఏ వేరుగా లేవు. ఉన్న ఒక్క అక్షరమూ మార్పిడిలో ‘ఏ’ అయి కూర్చుంటుంది. ఒ, ఓలదీ అదే కథ. ఆ అక్షరాలున్న ప్రతి మాటనూ మళ్లీ చెవితో విని సరిచేశాను. నెలన్నర పోయింది.

అసలు తప్పు నా దగ్గరా ఉంది. చేతిలో తెలుగు జాబితా పెట్టుకుని “తెలుపును ఏమంటం యాడీ?” అని అడిగితే, ముసలామె “తెల్లగ” అని తెలుగే తిప్పి చెప్పింది. జాబితా మడిచి జేబులో పెట్టుకుని, గిన్నెలో పాలు చూపించాను. “ధోళో” అంది. అప్పటి నుంచి వస్తువు చూపించే అడుగుదామని ముగ్గురం అనుకున్నాం.

దాంతో ఇంకో చిక్కు. నలుపుకు నా దగ్గర ‘కాళి’ వచ్చింది, విజయపుర నుంచి ‘కాళో’. ఫోన్‌లో గంటసేపు వాదించుకున్నాక తేలిందేమిటంటే, నేను చూపించింది బర్రెను, అతను చూపించింది మేకపోతును. మా భాషలో విశేషణం కూడా లింగాన్ని బట్టి మారుతుంది. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్నా, ఆ సంగతి నాకే తట్టలేదు.

బావ తెలుగు మాటలన్నీ కొట్టేయమన్నాడు. అట్లయితే నీ మరాఠీ మాటలూ కొట్టేయాలన్నాను. చివరికి దేన్నీ కొట్టలేదు. ఏ భాష నుంచి వచ్చిందో రాయడానికి ఒక గడి చేర్చాం. ఏం చూపించి అడిగామో రాయడానికి ఇంకో గడి. నలుపు దగ్గర ఇప్పుడు ‘బర్రె’, ‘మేకపోతు’ అని రాసి ఉంటుంది.